పదడుగుల మంచి గాలి

కాలుష్య నియంత్రణ ఆఫీసులో గాలిని కొలిచే మిషన్లు చూసుకునే టెక్నీషియన్‌ని అందరూ మీటరమ్మ అనే పిలిచేవారు. నాలుగు రోడ్ల కూడలిలోని మిషను, దాని పక్కన అంకెలు చూపే బోర్డు ఆమె బాధ్యతే. అంకె ఎంత పెద్దదైతే గాలి అంత చెడ్డదని లెక్క. అది మూడు వందలకు తగ్గిన రోజు ఆమె ఎరగదు.

పైనుంచి తనిఖీ వస్తోందని తెలియగానే ఆఫీసు పెద్దసారు గాలి బాగుచేయించే పనిలో పడ్డాడు. ఊరంతా కాదు, మిషను చుట్టూ పదడుగులు. పూలకుండీలు పెట్టించాడు. రెండు ట్యాంకర్లతో పగలంతా తుంపర కొట్టించాడు. అంకె డెబ్బైకి దిగింది.

"చిత్తశుద్ధి ఉండాలేగానీ ఏదైనా సాధ్యమే!" అన్నాడు, ఏసీ కారు అద్దం కాస్త దించి.

మీటరమ్మ ఇంటికొచ్చి ఉక్రోషంగా అత్తగారికి చెప్పింది. వాళ్ల సందు వెనకే మునిసిపాలిటీ చెత్త తగలబెట్టే మైదానం. ఆవిడకు ఐదేళ్లుగా ఆయాసం.

"అయితే మంచి గాలి అక్కడుందన్నమాట!"

"పదడుగులే అత్తయ్యా."

"పదడుగులెందుకే నాకు? కుర్చీ పట్టేంత చాలు."

అన్నంత పనీ చేసింది. మర్నాడు పొద్దున్నే కుర్చీ, గొడుగు పట్టుకెళ్లి కుండీల మధ్య కూర్చుంది. పది గంటలకల్లా సందులోని దగ్గువాళ్లు మరో పన్నెండుమంది చేరారు.

పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. "లేవండమ్మా! ఇది ప్రభుత్వ పరికరం."

"దాన్ని ముట్టుకోలేదు నాయనా. గాలి కూడా మీదేనా?"

"మీ ఇంటి దగ్గర పీల్చుకోకూడదా?"

"అక్కడ పొగ తప్ప గాలేది? మంచి గాలి మా హక్కు. ఆ మంటలు ఆర్పించండి, ఇప్పుడే లేస్తాం."

ఇంతలో తనిఖీ అధికారి కారు ఆగింది. "వీళ్లెవరు?" అన్నాడాయన.

"స్వచ్ఛ వాయు పథకం లబ్ధిదారులండీ!" అన్నాడు పెద్దసారు తడుముకోకుండా.

ఆయన ముచ్చటపడి వాళ్లతో ఫొటోకి నిలబడ్డాడు. తుంపరకు కోటు తడిసింది. విసుక్కుని ట్యాంకర్లు ఆపించాడు. ఫైళ్లు చూసి, టీ తాగి తలెత్తేసరికి బోర్డు మీద మూడు వందల నలభై రెండు.

పెద్దసారు మొహం మాడిపోయింది. "మిషను పాడైందండీ! మీటరమ్మా, పాడైందని రాసి సంతకం పెట్టు."

ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంతోనే. పక్కన అత్తగారు దగ్గుతోంది. మీటరమ్మ రాసింది: "మిషను బాగానే ఉంది. నీళ్లు ఆపాక అంకె 342." సంతకం పెట్టి, ఒక కాపీ అత్తగారి చేతికిచ్చింది.

వారం తిరక్కుండా మీటరమ్మను పాత ఫైళ్ల గదికి మార్చారు. సందువాళ్లు ఆ కాపీ పట్టుకుని కోర్టుకెక్కారు. ఏడాది తిరిగాక మైదానంలో మంటలు ఆపమని తీర్పొచ్చింది, ఆపారు. ఆపించినందుకు పెద్దసారుకి సన్మానం కూడా జరిగింది.

ఆ ఆదివారం అత్తగారు వెనక గది కిటికీ తీయమంది. పొగ రాకుండా ఏళ్లుగా మూసే ఉండటంతో రెక్క బిగుసుకుపోయింది. మీటరమ్మ సుత్తి తెచ్చి కొట్టసాగింది.

"మెల్లగా కొట్టవే! ఆ చప్పుడు మీ పెద్దసారు వింటే, ఇది కూడా తనే తెరిపించానంటాడు."