ఒకే పేరుతో రెండు కంప్యూటర్లు

మా ఆయన ఏసోబు నన్ను పేరు పెట్టి పిలవరు. "ఇదిగో", "వింటున్నవా", మరీ ముద్దొస్తే "ఏమోయ్". పెళ్ళినాడు పంజగుట్ట చర్చిలో పాస్టరుగారు చెప్పించిన ప్రమాణంలో "తబితా అనే నిన్ను" అన్నారు. అదే మొదలు, అదే ఆఖరు. మగవాళ్ళు చాలామంది అంతే కదా అని సరిపెట్టుకునేదాన్నే, కింది వాటా వసుమతిగారు నోరు జారకపోతే. మొదటి భార్య షెర్లిన్ బతికున్న రోజుల్లో ఈయన వీధి మలుపు నుంచే "షెర్లీ" అని కేకేసుకుంటూ వచ్చేవారట. చనిపోయిన మనిషి మీద అసూయ పడటం పాపమని తెలుసు. పడ్డాను.

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరాను. అప్పట్లో మైత్రీవనం ముందు కోర్సుల కరపత్రం అందుకోకుండా నడిచిన మనిషి లేడు. ఇంట్లో సాధన చేసుకొమ్మని ఈయన నాకో కొత్త కంప్యూటర్ తెచ్చి, విండోస్ ఎక్కించి, ముందుగదిలో ఉన్న పాతదానికి వైరు కలిపి ఇచ్చారు. సీడీ డ్రైవ్ పాతదానికే ఉంది. పాఠాల సీడీలు అందులో ఎక్కించి, ఆ ఫోల్డర్‌ని షేర్ చేసి, నా గదిలో తెరుచుకోవాలని ఏర్పాటు.

తెరుచుకుంటేగా. నెట్‌వర్క్‌లో పాతది కనిపించదు. వైరు తీసి మళ్ళీ పెట్టాను, లైట్లు వెలుగుతున్నాయి. పింగ్ చేసి, అంటే ఉన్నావా అని అడిగితే, ఉన్నానని జవాబు వస్తోంది. రెండూ చేరిన వర్క్‌గ్రూప్ ఒకటే. బయటివాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపి కూడా చూశాను. ఒకే ఇంట్లో, గోడకి అటొకటి ఇటొకటి ఉండి, ఒకదానికొకటి కనిపించకపోవడమేమిటి? మా కాపురం చూసి నేర్చుకున్నాయేమో అనుకుని నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక పట్టుబట్టి కూర్చున్నాను. నా కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తెర మీద ఓ చిన్న పెట్టె వచ్చేది. చదవకుండా ఓకే నొక్కేసేదాన్ని. ఈసారి చదివాను. ఇదే పేరుతో నెట్‌వర్క్‌లో ఇంకొకటి ఉందని దాని ఫిర్యాదు. నా కంప్యూటర్ పేరేమిటా అని తెరిచి చూశాను. షెర్లిన్. ముందుగదిలోకెళ్ళి పాతదాని పేరు చూశాను. అదీ షెర్లినే.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న ఆయన్ని పిలిచి చూపించాను. కావాలని పెట్టలేదని, విండోస్ ఎక్కిస్తుంటే పేరు అడిగిందని, చెయ్యి అలవాటుగా అదే కొట్టిందని చెప్పారు. అబద్ధమాడే మనిషి కాదు. అబద్ధమైనా బాగుండేది, పోట్లాడేదాన్ని. అలవాటుతో ఎవరు పోట్లాడగలరు?

ఒకే పేరుతో రెండుంటే ఒకదాన్నొకటి చూడలేవని, ఏదో ఒకటి మార్చాల్సిందేనని చెప్పాను. ఆయన పాతదాని కీబోర్డు మీద చేతులు పెట్టి, మళ్ళీ తీసేశారు.

"ఏది మార్చమంటవ్?" అన్నారు.

అడగకుండా పాతది మార్చేస్తే ఎంత బాగుండేదో నాకే తెలుసు. కానీ ఆ చేతులు చూశాక జాలేసింది.

"దాన్ని ఉండనివ్వండి. నాది మార్చండి," అన్నాను.

నా గదిలోకొచ్చి నా పేరు కొట్టారు. ఆపి మళ్ళీ ఆన్ చేసి, ముందుగదిలోకెళ్ళి చూస్తే రెండూ పక్కపక్కనే ఉన్నాయి. "షెర్లిన్, తబితా" అని పైకి చదివారు. పెళ్ళి తర్వాత ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి.

"మళ్ళీ అనండి."

తెర చూసి మళ్ళీ చదివారు.

"తెరని కాదు. నన్ను చూసి."

నావైపు తిరిగారు. తలొంచుకుని, "అలవాటు లేదు. జర టైమియ్యి," అన్నారు.

ఎంత కావాలంటే అంత తీసుకోండి అనేంత మంచిదాన్నేం కాదు నేను. ఏడాదిగా చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తున్నాను.

"ఇప్పుడే పిలవండి," అన్నాను.