ఎప్పుడైనా పడ్డారా?

ఆ రోజు చేయవలసిన పనులను కూతురు ఒక పాత కరెంటు బిల్లు వెనక రాసుకుంది.

ఆఫీసుకు సెలవు చీటీ పంపాలి.
ఏడాదిగా వాడిన మందుల చీటీలను తేదీల వరసలో పెట్టాలి.
రంగుల మేస్త్రీని వ్యాన్ అడగాలి.
నాన్న చేత లీటరు నీళ్ళు తాగించాలి. పరీక్ష అయ్యేదాకా బాత్రూము వైపు పోనివ్వకూడదు.
పక్కింటివాళ్ళు అడిగితే కంటి పరీక్షకని చెప్పమని అమ్మకు గుర్తు చేయాలి. లేకపోతే అమ్మ అంతా చెప్పేస్తుంది.
దెబ్బ ఏమైనా తగిలిందా అని నాన్నను ఇంకోసారి అడగాలి.

చివరి పని తప్ప మిగతావన్నీ తొమ్మిదింటికల్లా అయిపోయాయి.

ఆమె చదివింది కామర్స్ డిగ్రీ. ఇంట్లో పేరు మాత్రం లాయరమ్మ. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే కాబట్టి కాగితమన్నది ఏదొచ్చినా ఆమె నెత్తినే పడేది. తండ్రిది ఎత్తయిన భవనాలకు రంగులు వేసే పని. మేడ మీంచి తాళ్ళతో దించిన చెక్క మీద కూర్చుని గోడ వెంట కిందికి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలేది ఆయన జోడీ. ఇరవై ఏళ్ళుగా ఒకే జోడీ. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. అందుకే కూతురికి ఆయన తాడు మామయ్య.

ఏడాదిగా ఇంట్లో రోజూ పొద్దున్నే యుద్ధం. ఉన్నది ఒక్కటే బాత్రూము. తండ్రి లోపలికి వెళితే అరగంట.

"నాన్నా, నా బస్సు పోతోంది!"

"నీకు బస్సన్నా పోతోంది తల్లీ. నాకు అదీ లేదు."

నవ్వాలో తల బాదుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. ఆయనకు మూత్రధార దారంలా సన్నబడిపోయింది. ఒక్కోసారి రెండుగా చీలి అటూ ఇటూ చిమ్మేది. ముక్కి ముక్కి మొహం ఎర్రబడేది. బయటికొచ్చిన పది నిమిషాలకే ఇంకా మిగిలిపోయిందంటూ మళ్ళీ లోపలికి. రెండు నెలలకోసారి మంట, చలిజ్వరం. వెళ్ళే బాధ తప్పుతుందని మహానుభావుడు నీళ్ళు తాగడమే మానేశాడు. మంట రెట్టింపయింది. వీధి చివరి డాక్టరు వయసు చూసి ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందన్నాడు. దెబ్బలేమైనా తగిలాయా అని అడిగితే తండ్రి "అబ్బే" అన్నాడు. ఆ ఒక్క "అబ్బే"తో ఏడాదిపాటు గ్రంథికి మాత్రలు మింగాడు.

కూతురు లైబ్రరీలో ఆరోగ్య పుస్తకం తిరగేసింది. మూత్రనాళానికి ఎప్పుడో గాయమైతే, మానిన చోట మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుందనీ, అది ఏళ్ళ తర్వాత బయటపడవచ్చనీ అందులో ఉంది.

"నాన్నా, ఎప్పుడైనా పడ్డావా?"

"లాయరమ్మా, పడినవాడైతే ఇప్పటికీ చెక్క ఎక్కుతాడా?"

అడిగిన ప్రతిసారీ ఇదే జవాబు.

పెద్దాసుపత్రికి వాళ్ళను తండ్రి పనిచేసే జట్టు మేస్త్రీ తన వ్యాన్‌లోనే తీసుకొచ్చాడు. తాడు మామయ్య పిలవకుండానే ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

పరీక్ష అంటే ఒక గరాటులోకి మూత్రం పోయడమే. దాని కింది యంత్రం ధార వేగాన్ని కాగితం మీద గీస్తుంది. తండ్రి లోపలికి వెళ్ళాడు. పావుగంటయింది. అరగంటయింది. కాగితం మీద గీత చిన్న గుట్టలా కూడా లేవలేదు. బయటికొచ్చేసరికి పొట్ట కింద బుడగలా ఉబ్బింది. చెమటతో చొక్కా తడిసింది. ఒక్క చుక్క కూడా రాలేదు.

ఆగిపోయిన మూత్రం తీయడానికి నర్సు సన్నటి గొట్టం తెచ్చింది. డాక్టరమ్మ చేతికి గ్లవ్స్ వేసుకుంటూ అడిగింది. "ఇది లోపలికి పంపేముందు నిజం చెప్పాలి పెద్దాయనా. ఎప్పుడైనా పడ్డారా? కాళ్ళ మధ్య దెబ్బ తగిలిందా? దారి ఇరుగ్గా ఉంటే ఈ గొట్టాన్ని బలవంతంగా తోయకూడదు. లోపల ఇంకా చిరిగిపోతుంది."

తండ్రి పళ్ళ బిగువున అన్నాడు. "లేదమ్మా. వెయ్యండి. ఏదో ఒకటి వెయ్యండి."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "నాన్నా! ప్రాణం పోతున్నా మొండితనమేనా? ఎవరికోసం ఈ దాపరికం?"

ఆయన కళ్ళు ఒక్క క్షణం గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ తాడు మామయ్య నిలబడి ఉన్నాడు. ఆయన వెనకే మేస్త్రీ.

రంగులవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మనిషిని పడేసిన చేతికి మళ్ళీ తాడు ఇవ్వరు. ఎందుకు పడేశాడని కూడా అడగరు. ఏ జట్టులోనూ ఇవ్వరు.

"పడ్డాడమ్మా," అన్నాడు తాడు మామయ్య.

"నోర్ముయ్ బావా!" తండ్రి మంచం మీంచి లేవబోయాడు.

"నువ్వు ముయ్. పదకొండేళ్ళు మూశాం, చాలు." ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "తాడు నా చేతిలోనే ఉంది. అగ్గిపెట్టె కోసం ఒక చెయ్యి వదిలాను. జర్రున జారింది. కింది బాల్కనీ కమ్మీ మీద అటో కాలు ఇటో కాలు వేసి పడ్డాడు. రెండ్రోజులు రక్తం చుక్కలు పడ్డాయి. ఇంట్లో జ్వరమని చెప్పాడు. నా కోసమే చెప్పాడు."

మేస్త్రీ నేల వైపు చూశాడు.

డాక్టరమ్మ గొట్టం పక్కన పడేసింది. బొడ్డు కింద మత్తిచ్చి, చర్మంలోంచి నేరుగా మూత్రాశయంలోకే వేరే గొట్టం పెట్టింది. సంచీ నిండుతుంటే తండ్రి ఊపిరి వదిలిన తీరు చూసి కూతురికి ఏడుపొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"మీ ఇద్దర్నీ కలిపి ఏమనాలి? నేను ఏడాదిగా బస్సులు పోగొట్టుకున్నాను. మూత్రపిండాలే పోయుంటే?"

"అనమ్మా," అన్నాడు తాడు మామయ్య. "నువ్వు ఎంతన్నా తక్కువే."

తర్వాత మూత్రనాళంలోకి రంగునీళ్ళు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. తెల్లటి దారి మధ్యలో ఒకచోట తాడుకు ముడి వేసినట్టు నొక్కుకుపోయి ఉంది. ఊరికే సాగదీస్తే మళ్ళీ ఇరుకయ్యే అవకాశం ఎక్కువనీ, ఇరుకు పొట్టిగానే ఉంది కాబట్టి మచ్చపట్టిన ముక్కను కోసేసి రెండు కొసలూ కలిపి కుడితే మంచిదనీ డాక్టరమ్మ చెప్పింది. రెండు నెలలకు ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఇంకో మూడు వారాలు గొట్టంతోనే ఉన్నాడు. మళ్ళీ గరాటు దగ్గరికి వెళితే కాగితం మీద చక్కటి గుట్ట వచ్చింది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు. ఆ తేదీలు కూడా లాయరమ్మ నెత్తినే.

ఇప్పుడు తండ్రి బాత్రూములోంచి రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నాడు. చెక్క మళ్ళీ ఎక్కుతున్నాడు. తాడు మాత్రం వేరే మనిషి పట్టుకుంటున్నాడు.

తాడు మామయ్య ఇప్పుడు నేల మీద గేట్లకు రంగులు వేస్తున్నాడు. ఎవరైనా ఎందుకని అడిగితే కళ్ళు తిరుగుతున్నాయని చెబుతాడు. అదీ అబద్ధమే. ఈ మనుషులు మారరు.

మీరు ఎప్పుడైనా కొత్తగా రంగు వేసిన గేటు తీసుకుని లోపలికి వెళుతుంటే, ఆ మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఒక చెయ్యి వదిలినందుకు కాదు. ఆ రోజు గుమ్మంలో నోరు విప్పినందుకు.