ఉత్తరపు గోడ కింద

ఆ చర్చి ఒక్కసారిగా కట్టింది కాదు. మొదట బలిపీఠం ఉన్న చిన్న గది, అదీ మట్టి గోడలతో. తర్వాతి తరంవాళ్ళు దాన్ని రాతితో పొడిగించారు. గంట గోపురం ఆ తర్వాతెప్పుడో లేచింది. ఊరితోపాటు చర్చీ పెరిగింది గాని, ఉత్తరపు గోడకు సరైన పునాది వేసిన నాథుడు లేడు. పెంకుల కప్పు బరువుకు ఆ గోడ బయటికి ఒరిగి, చెయ్యి దూరేంత బీట ఇచ్చింది.

ఫాదర్ కబురంపితే మేస్త్రీ వచ్చి చూశాడు. గోడకు దుంగలు దన్ను పెట్టి, కింద కొద్దికొద్దిగా తవ్వుతూ కొత్త పునాది వెయ్యాలన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే తల్లి వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది. ఆ వైపు తవ్వొద్దంది. ఎందుకో ఎంత అడిగినా నోరు విప్పలేదు. పెద్దదాని చాదస్తం అనుకున్నాడతను.

చూరు కింద మోకాటిలోతు తవ్వేసరికి పారకు ఎముకలు తగిలాయి. ఏ కుక్కవో అనుకుని చేత్తో మట్టి తీశాడు. గుడ్డు పెంకంత పలచని పుర్రె. పక్కనే ఇంకొకటి. గోడ పొడవునా పసికందులే. ఒక్కొక్కరినీ తీసి గోనెపట్టా మీద పెట్టాడు.

సంగతి తెలిసి తల్లి వచ్చింది.

"నీకు ముందు ఆడపిల్లరా. పుట్టి ఏడవనైనా లేదు. జ్ఞానస్నానం కాని బిడ్డకి సమాధుల తోటలో చోటు లేదన్నారు అప్పటి ఫాదర్. చర్చి మీద పడ్డ వాన దాని మీద పడితే అదే జ్ఞానస్నానం అనుకుని, రాత్రికి రాత్రి ఈ చూరు కింద పూడ్చా. మీ నాన్నక్కూడా తెలీదు."

"ఇందులో అక్క ఎవరమ్మా?"

ఆమె వంగి ఒక్కొక్కరినే చూసింది. పోల్చుకోలేకపోయింది.

"ఎండలో పెట్టావేంట్రా వీళ్ళని. కప్పు."

అతను చొక్కా విప్పి కప్పాడు.

అందరినీ తోటలోనే పూడుద్దామని ఫాదర్ మెల్లగా అన్నాడు.

"అప్పుడు లేని చోటు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది ఫాదర్?" అందామె.

పెట్టె మేస్త్రీయే చేశాడు. పూడ్చేనాడు తనూ, తల్లీ, భార్యా, ఫాదరే ఉంటారనుకున్నాడు. కానీ ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చి గొయ్యి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివర్న మేస్త్రీ అత్తగారు వచ్చింది. వంగి గుప్పెడు మట్టి తీసుకుంది.

అతని భార్య తన తల్లి వైపే చూస్తూ నిలబడిపోయింది.