పదిహేడో రంధ్రం

నేను ఒక డ్రిల్ జిగ్గును. పేరు విని కంగారుపడకండి. విమానం రెక్కకు తొడిగే అల్యూమినియం రేకు మీద నన్ను బిగిస్తారు. నా ఒంట్లో ఉన్న నలభై రంధ్రాల గుండా డ్రిల్లు దించితే, రేకులోనూ సరిగ్గా అక్కడే నలభై రంధ్రాలు పడతాయి. అంతే నా విద్య. బాలానగర్‌లో విమాన భాగాలు చేసే ఒక షెడ్డులో పుట్టి, పన్నెండేళ్లు అక్కడే పనిచేశాను. ఒక్క విమానమూ ఎక్కలేదు లెండి.

నన్ను వాడింది ఫిట్టర్ మొగులయ్య. మనుషులతో ముక్తసరిగా ఉండేవాడు, నాతో మాత్రం ఒకటే కబుర్లు. కూతురి పరీక్షలు, బోనాల కోసం కొన్న చీర, అన్నీ నాకే చెప్పేవాడు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

పన్నెండో ఏడు ఆర్డర్లు మూడింతలయ్యాయి. ఉన్నట్టుండి పదిహేడో రంధ్రం కోలగా పడసాగింది. నాలుగు రేకులు పాడయ్యాయి. తప్పు మొగులయ్యదే అన్నారు. ఆ షెడ్డులో ప్రతి ఫిట్టరుకూ సొంత నంబరుతో ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. అది లేనివాడు పనిముట్టు ముట్టుకోకూడదు. మొగులయ్య ముద్ర తీసేసుకున్నారు. విచారణలో తప్పు అతనిదేనని తేలితే ఇక ఇంటికే.

నన్నెవరూ అనుమానించలేదు. వచ్చే మార్చి దాకా చెల్లుతుందని నా మీద తనిఖీ చీటీ అంటించి ఉంది మరి. మనుషులకు మనిషి మాట కన్నా చీటీ మీదే గురి. పదిహేడో రంధ్రంలో డ్రిల్లును కదలకుండా పట్టి ఉంచే ఉక్కు గొట్టం అరిగిపోయిందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? సిగ్గుతో చచ్చిపోయాను.

ఏ పని ఎలా చేయాలో, ఏ పనిముట్టును ఎప్పుడు తనిఖీ చేయాలో కాగితం మీద రాసేది ప్రాసెస్ ఇంజనీరు హైమావతి. విచారణకు ముందురోజు ఆవిడ వచ్చింది.

"మొగులయ్య గారూ, ముద్ర లేకున్నా ఫర్వాలేదు, నా పూచీ. పాత రేకు మీద పదిహేడో రంధ్రం వేసి చూపించండి."

వేశాడు. చెయ్యి నిటారుగానే ఉంది, రంధ్రం మాత్రం కోలగా పడింది. ఆవిడ నాలో కొలత పిన్ను పెట్టింది. అది వదులుగా ఊగింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని తను రాసిన కాగితం తీసి చూసుకుంది.

"తప్పు నా కాగితంలో ఉంది. ఏడాదికోసారి తనిఖీ అని రాశాను. ఇన్ని రంధ్రాలకోసారి అని రాయాల్సింది" అంది. మర్నాడు పెద్దల ముందూ అదే మాట చెప్పి, మెమో అందుకుంది. తన కాగితం తప్పని ఒప్పుకున్న ఇంజనీరును నేను చూడడం అదే మొదలు, అదే చివర.

మొగులయ్య ముద్ర అతనికి తిరిగొచ్చింది. నన్ను తుక్కులో వేయమన్నారు. ఎవరూ పొరపాటున వాడకుండా ముందు ఎర్రరంగు పూయాలి. ఆ పని అతనికే చెప్పారు.

"నీ కొంప ముంచబోయింది గదన్నా ఇది" అన్నాడు స్టోర్సులో పనిచేసే సాయిలు.

మొగులయ్య కుంచె ఆపాడు.

"గట్లనకు. పన్నెండేండ్లు నాతోని కష్టపడ్డది. అరిగింది, గంతే. చెప్పుకుందామంటే దానికి నోరుందా?"

అని మెల్లగా రంగు పూశాడు. నాకు ఏడవడం రాదు. వచ్చి ఉంటే ఆ రంగు అంటేది కాదు.