పన్నెండు నిమిషాల మనిషి

షేర్ల మీద ఏడాదికోసారి వచ్చే డివిడెండు డబ్బులు పడే రోజు కత్తెరమ్మ కుట్టుపని పెట్టుకోదు. పొద్దున్నే ముందుగది ఊడ్చి, మిషను పక్కనున్న కుర్చీ తుడిచి, రెండు కప్పుల టీ పెడుతుంది. బ్యాంకు మెసేజి రాగానే, చనిపోయిన భర్త తలుపు తోసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. గాజుసీసాల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు కొలిమి కాసిన మనిషి. రిటైరైనప్పుడు కంపెనీ చేతిలో పెట్టిన షేర్లే ఆమెకు మిగిలాయి. షేరుకి ఎన్ని రూపాయలిస్తే అన్ని నిమిషాలుంటాడు. ఆపైన క్షణం ఆగడు, మాట మధ్యలో ఉన్నా సరే. బతికున్నప్పుడూ షిఫ్టు టైముకి అలాగే పరిగెత్తేవాడు లెండి.

"ఈసారి ఎంతసేపున్నారు మీ ఆయన?" అని మేడమీది ఇంటావిడ అడిగేది.

"పన్నెండు."

"నయమే. మా ఆయన బతికుండి కూడా అంతసేపు నాతో కూర్చోడు."

కొలతల పుస్తకం చివరి పేజీలో కత్తెరమ్మ ఏడాదికో అంకె వేసుకుంది. మొదట్లో పదులు, తర్వాత అన్నీ పన్నెండులు. పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. ఎటొచ్చీ ఆయన టీ ఊదుకుంటూ తాగే రకం. ఏ ఏడూ కప్పు పూర్తి కాలేదు.

ఆమెకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి వచ్చేపోయేవాళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చేది. అలాంటి రోజుల్లో షేర్ల ఆఫీసులో పనిచేసే మరిది వచ్చాడు.

"వదినా, అన్నయ్య కంపెనీ షేరు ఈల్డు ఇప్పుడు ఇరవై శాతం! నిరుడు ఆరే."

"ఈల్డంటే ఏమిటయ్యా?"

"వంద రూపాయలు పెట్టి షేరు కొంటే ఏడాదికి ఎంతొస్తుందో అది. ఇరవై ఏ బ్యాంకు వాడిస్తాడు చెప్పు?"

"నమ్మొచ్చంటావా?"

"పద్దెనిమిదేళ్ళ చరిత్ర నీ పుస్తకంలోనే ఉందిగా."

ఆరు ఇరవై ఎలా అయిందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడింది గానీ, ఇరవై అనగానే ఆమెకు డబ్బు కంటే ముందు టీ కప్పే గుర్తొచ్చింది. ఇరవై నిమిషాలంటే కప్పు ఖాళీ అవుతుంది. కుట్టుమిషను వీధి చివరి టైలరుకి అమ్మేసి, ఆ డబ్బంతా పెట్టి అవే షేర్లు కొంది.

ఆ ఏడు మెసేజి వచ్చింది. ఆయనా వచ్చాడు. కూర్చుంటూనే పక్కకు చూశాడు.

"మిషనేదే?"

ఆమె చెప్పింది. చెప్పేసరికి ఒక నిమిషం అయిపోయింది.

"అయ్యో పిచ్చిదానా! నిరుడిచ్చిందీ పన్నెండు రూపాయలే. రెండొందల షేరు అరవైకి పడిపోతే ఆరు కాస్తా ఇరవైలా కనబడింది. అందరూ ఎందుకు వదిలించుకుంటున్నారో అడగొద్దూ? కొలిమి ఆర్పేశారు. ఈసారి ఇచ్చింది రెండు రూపాయలు. రేపే అన్నీ అమ్మెయ్, కనీసం పాత మిషనైనా వస్తుంది."

"అమ్మేస్తే మీరు రారుగా?"

కుర్చీ ఖాళీగా ఉంది. కప్పు అంచు దాకా టీ అలాగే ఉంది.

మర్నాడు మరిది తల వంచుకుని వచ్చాడు. "తప్పు నాదే వదినా. ఇవాళ అమ్మితే షేరు ఇరవై రూపాయలకైనా పోతుంది. వారం ఆగితే అదీ ఉండదు. సంతకం పెట్టు."

మిషను ఉండిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. కత్తెరమ్మ వాటిని చూసింది, తర్వాత కుర్చీని చూసింది. రెండు నిమిషాలైనా రెండు నిమిషాలే కదా అనుకుంది. ఆ ఆశకు ఆమెను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆమె సంతకం పెట్టలేదు.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. షేర్లు కొనేవాడే లేకుండా పోయాడు.

ఇప్పుడామె వీధి చివరి టైలరు కొట్లో రోజుకూలికి బొత్తాలు కుడుతోంది. ఎదురుగా తన మిషనే. దాని మీద వేరే ఎవరో కుడతారు. దారం ఎక్కించమని ఆ మనిషినే అడుగుతుంది.

ఏటా డివిడెండు పడే రోజు రాగానే గంట సెలవడిగి ఇంటికెళ్ళింది. కుర్చీ తుడిచి రెండు కప్పుల్లో టీ పోసింది. ఫోను మోగలేదు. తన కప్పు తాగింది. చల్లారిపోయాక రెండోది కూడా తనే చివరి దాకా తాగి, కప్పులు కడిగి బోర్లించి, బొత్తాలు కుట్టడానికి మళ్ళీ కొట్టుకెళ్ళింది.