జాబితాలో చికాగో

"మీలో ఉన్న అతి పెద్ద బలహీనత ఏమిటి?" అని నాన్న ఇంగ్లీషులో అడిగేసరికి నేను పెనం మీద మూడో దోసె తిప్పుతున్నాను. ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో మైత్రి లంచ్ బాక్సు మూత. తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి సమ్మర్ క్యాంప్ బస్సు ఇరవై నిమిషాల్లో వస్తుంది.

"ఎవరేం అడిగినా పని ఆపకుండా జవాబు చెప్పడం," అన్నాను.

నాన్న నవ్వలేదు. "ఇంటర్వ్యూలో వేళాకోళాలు పనికిరావమ్మా. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను. దోసె మాత్రం మాడింది, దాన్ని నా కంచంలో వేసుకున్నాను.

మా నాన్న ఉమామహేశ్వరరావు తెనాలి కోర్టులో ముప్పై ఆరేళ్ళు సివిల్ ప్లీడరుగా చేశాడు. అమ్మ పోయాక ఆర్నెల్లు నా దగ్గర ఉందామని అమెరికాకి, డెట్రాయిట్ పక్కనున్న మా ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాడు. అది 2012 జూలై. లా స్కూల్లో నాకు మొదటి సంవత్సరం అప్పుడే పూర్తయింది. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని హెచ్4 వీసా మీద ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చుని, గ్రీన్ కార్డు రాగానే ముప్పై అయిదేళ్ళ వయసులో చేరాను. క్లాసులో అందరూ పాతికలోపు పిల్లలు. రెండో సంవత్సరం మొదలయ్యే ముందు, ఆగస్టులో లా ఫర్ములవాళ్ళు కాలేజీకి వచ్చి ఇంటర్వ్యూలు చేస్తారు. అప్పుడు ఎవరు తీసుకుంటే మరుసటి వేసవిలో వాళ్ళ దగ్గర పని, చదువయ్యాక దాదాపు అక్కడే ఉద్యోగం. అప్పుడు జారిపోతే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడం కష్టం. అందుకే రోజూ పొద్దున నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర కళ్ళజోడు సర్దుకుని కూర్చునేవాడు. నేను స్టవ్ దగ్గర నిలబడి జవాబులు చెప్పేదాన్ని. నా జన్మలో ఒక మనిషి నా మాటలు అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి అనుకునేదాన్ని. ఆ గర్వంతో, తిన్న కంచం ఆయన అక్కడే వదిలేసినా పట్టించుకోలేదు.

మా ఆయన చక్రధర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను చదువుకుంటానంటే అతను కాదనలేదు. ఆ సంగతి నేను మర్చిపోకుండా వారానికోసారి గుర్తుచేస్తాడు. "నేను కాదన్నానా చెప్పు? మా ఫ్రెండ్స్‌లో ఎంతమంది ఒప్పుకుంటారు?" ఎవరింట్లో పార్టీ జరిగినా, "మా ఆవిడ లా చేస్తోంది, ఇక నేను నోరు మూసుకుని ఉండాలి," అంటాడు, అందరూ నవ్వుతారు. అదే జోకు, అదే నవ్వు. ఆ నవ్వు అయ్యేలోపు నేను లేచి ఎవరికో పెరుగు వడ్డిస్తూ ఉంటాను. పరీక్షలప్పుడు కూడా వాళ్ళమ్మగారు వీడియో కాల్‌లో, "పాపం వాడు చిక్కిపోయాడే, ఏమన్నా పెడుతున్నావా?" అని అడిగితే అతను పక్కనే ఉండి కూడా, పొద్దున రెండుసార్లు ఉప్మా పెట్టించుకున్న సంగతి చెప్పలేదు. ఉద్యోగం గురించి అతని సలహా ఒక్కటే. "డెట్రాయిట్‌లో చిన్నది ఏదన్నా చూసుకో. మూడింటికల్లా ఇంటికొచ్చేట్టు."

లా ఫర్ములో మూడింటికి లంచ్ కూడా అవదు. ఆ మాట అతనికి చెప్పలేదు. ఇంకోటి కూడా చెప్పలేదు. ఇంటర్వ్యూలకి ముందు, మేము ఏయే ఫర్ములు కావాలో వరసగా ముప్పై పేర్లు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కంప్యూటరు ఆ వరసని బట్టి ఇంటర్వ్యూలు పంచుతుంది. పైన పెట్టినవి దొరుకుతాయి, అడుగున పెట్టినవి దొరకవు. నా జాబితాలో మొదటి పన్నెండూ, మా ఇంటికి కారులో అయిదు గంటల దూరంలో ఉన్న చికాగో ఫర్ములే. ఉద్యోగం చేతికి వచ్చాక చెప్పి, అప్పుడు పోట్లాడుదామనుకున్నాను.

నాన్నకి మాత్రం జాబితా చూపించాను. పేర్లు పైకీ కిందికీ జరపడానికి బాణం గుర్తులు ఎలా నొక్కాలో కూడా నేనే నేర్పాను, ఏ ఫర్ము ముందుండాలో ఆయన సలహా చెబుతాడని. ఒకరోజు ఆయన నన్ను, "చికాగోనే ఎందుకు?" అని అడిగాడు. పెద్ద కేసులు, మంచి శిక్షణ అంటూ మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపేశాడు.

"అది కాగితం మీద జవాబు. ఎదుటివాడికి అబద్ధం చెప్పే ముందు నిజమేదో మనకి తెలిసుండాలి. నాకు చెప్పు. ముప్పై ఆరేళ్ళలో నా దగ్గర చెప్పిన మాట ఒక్కటి గడప దాటలేదు, తెలుసుగా?"

తెలుసు. అమ్మకి కూడా చెప్పేవాడు కాదు. స్టవ్ ఆపేసి, వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "నాకీ ఇంట్లో ఊపిరాడట్లేదు నాన్నా. ఆయన కొట్టరు, తిట్టరు. చెడ్డవారేం కాదు. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ నేను ఎవరికో ఏదో అందిస్తూనే ఉంటాను. వారంలో నాలుగు రోజులు చికాగోలో ఒక గదిలో ఉంటాను. శుక్రవారం వచ్చేస్తాను. ఆ నాలుగు రోజులూ ఆయనా మైత్రీ చూసుకుంటారు, చూసుకోగలరు. నాకు ఆ గది కావాలి. ఉద్యోగం కన్నా ముందు అదే కావాలి."

నాన్న చివరిదాకా విన్నాడు. తర్వాత, "బాగా చెప్పావు. ఇది మాత్రం ఇంటర్వ్యూలో చెప్పకు," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది. గిన్నెలు తోముతూ పాటలు కూడా పాడాను.

తరువాతి సోమవారం షెడ్యూలు వచ్చింది. తొమ్మిది ఇంటర్వ్యూలు. ఎనిమిది డెట్రాయిట్, ఒకటి గంట దూరంలో ఉన్న టొలీడో. చికాగో ఒక్కటి కూడా లేదు. ముందు నా మార్కులు చాలలేదనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చి కాలేజీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. కెరీర్ ఆఫీసులో ఒకావిడ కంప్యూటర్ చూసి, "చికాగో ఫర్ములన్నీ అడుగున పెట్టారు కదా మీరే. గడువుకి ముందు రోజు, బుధవారం సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకి మార్చారు," అంది. ఆ టైముకి నేను మైత్రిని స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్ళాను. ఆ మాటే చెప్పాను. "పంపకం అయిపోయింది, వెనక్కి తీసుకోలేం. కానీ ఎవరు మార్చారో, ఎలా మార్చారో పేరుతో సహా రాసి మీరు సంతకం పెట్టి పంపితే ఆ ఫర్ములకి నేను విడిగా రాస్తాను. ఒకటి రెండయినా ఒప్పుకోవచ్చు. గ్యారంటీ లేదు. రేపు మధ్యాహ్నంలోగా కావాలి," అంది.

సాయంత్రం చక్రధర్ బూట్లు కూడా విప్పకముందే అడిగేశాను. "చికాగో ఫర్ములన్నీ అడుక్కి తోసి నా జాబితా మార్చే హక్కు మీకెవరిచ్చారు?"

"ఏ జాబితా?" అన్నాడు. అతని మొహం చూస్తే నిజంగానే తెలియదని అర్థమైంది. "నీ కాలేజీ వెబ్‌సైట్ ఏంటో కూడా నాకు తెలీదు. అయినా చికాగో ఏంటి? చికాగో ఎవరెళ్తున్నారు?"

అప్పుడు సోఫాలోంచి నాన్న గొంతు వినిపించింది. "అల్లుడుగార్ని ఏమనకు. మార్చింది నేను."

ఎంత మామూలుగా చెప్పాడో. వాయిదా తీసుకున్నానని చెప్పినట్టు చెప్పాడు. పేపర్ చదువుకోవడానికి ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ జాబితా పేజీ తెరిచే ఉందట. "నీ ఇల్లు నిలబెట్టానమ్మా. ఇవాళ కోపమొస్తుంది, రేపు నువ్వే అర్థం చేసుకుంటావు. నాలుగు రోజులని మొదలైనవన్నీ ఎక్కడ తేలతాయో నేను కోర్టులో రోజూ చూసినవాణ్ణి."

చక్రధర్ మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం, ఆ తర్వాత మెల్లగా ఊరట వచ్చాయి. నేను చికాగో ఎందుకు వెళ్ళాలనుకున్నానో అతను అడగలేదు. "పెద్దాయన ఆలోచించే చేసుంటార్లే గిరిజా," అని వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాడు. పదకొండేళ్ళ కాపురంలో అతను టీ పెట్టడం మొదటిసారి చూశాను. ఆ టీ మా నాన్నకి.

నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఊపిరాడట్లేదని ఒక మనిషితో చెప్పుకుని, ఆ రోజంతా పాటలు పాడుకున్నందుకు సిగ్గేసింది. లెక్కవేశాను. ఒక నొక్కుకి పేరు ఒక్క మెట్టే దిగుతుంది. చికాగో పేర్లు పన్నెండు. ఒక్కో పేరుని పద్దెనిమిది పేర్ల కిందికి దించాలి. అంటే రెండు వందల పదహారు సార్లు నొక్కాడు, ఒంటి వేలితో. మధ్యలో ఎక్కడా ఆయన చెయ్యి ఆగలేదు. కోపంలో ఒక దెబ్బ కొట్టినా మర్చిపోయేదాన్నేమో.

"నీకు చెప్పిన మాట గడప దాటదన్నావు," అన్నాను.

"దాటలేదే! నేనెవరికి చెప్పాను?"

"నీ దగ్గరికొచ్చిన క్లయింటు అలా చెబితే, ఆమె కాగితాలు ఆమెకి తెలీకుండా మార్చేవాడివా?"

నాన్న నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "క్లయింటు వేరమ్మా. నువ్వు కూతురివి."

అంతవరకూ ఆయన చెప్పినవన్నీ వాదనలు. ఇది మాత్రం నిజం. చిన్నప్పుడు నన్ను స్టూలు మీద నిలబెట్టి వాదించమన్నాడు, గెలిస్తే బుగ్గ గిల్లాడు. డిగ్రీలో గోల్డ్ మెడల్ వస్తే కోర్టు బార్ రూమంతా స్వీట్లు పంచాడు. ఇన్నాళ్ళూ నన్ను తన వారసురాలిగా చూశాడనుకున్నాను. ఆయనకి నా వాదన ముద్దుగా ఉండేదంతే. అది నిజంగా గెలిచేలా కనిపించినప్పుడు వేలు పెట్టి ఆపేశాడు.

మర్నాడు పొద్దున నేను స్టవ్ వెలిగించలేదు. చక్రధర్ కార్న్ ఫ్లేక్స్ డబ్బా కోసం మూడు అలమారాలు తెరిచాడు. ఆఫీస్‌కి వెళ్తూ, "రాత్రి చెప్పావే, ఆ లెటర్ ఏదో రాయకు గిరిజా. పెద్దాయన పేరు కాలేజీ రికార్డుల్లోకి ఎక్కిస్తావా? మన పరువేం కావాలి?" అన్నాడు. మైత్రిని బస్సెక్కించి వచ్చేసరికి నాన్న ఎప్పట్లా టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, రాసింది చదివి వినిపించాను. నా పేరు, తేదీ, సమయం. మార్చిన వ్యక్తి పేరు వేమూరి ఉమామహేశ్వరరావు, నా తండ్రి, న్యాయవాది. నా అనుమతి తీసుకోలేదు. తను చేస్తున్నదేమిటో తెలిసే చేశాడు.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు జాలేసింది, అది కూడా నిజమే. కాసేపటికి ఆయనలోని ప్లీడరు లేచాడు.

"న్యాయవాది అన్న మాట తీసెయ్. అది అనవసరం. పొరపాటున జరిగిందని రాయి, నీ పనీ అవుతుంది, నా పరువూ ఉంటుంది. ఇటివ్వు, నేను మార్చిస్తాను."

"మార్చడానికేం లేదు నాన్నా," అన్నాను. "నువ్వు నిద్ర లేవకముందే పంపేశాను."