లేక్ వ్యూ సెల్లార్లో దోమతెర

ఏలూరులో లేక్ వ్యూ అపార్ట్‌మెంట్స్ సెల్లార్లో, ఒక తెల్ల కారుకీ ఇంకో తెల్ల కారుకీ మధ్య దోమతెర కట్టి, అందులో మా చెల్లెలి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టింది నేను కాదు. నేను తాడు కొస పట్టుకున్నానంతే. కట్టింది మా బావ దుర్గారావు.

ముందు లేక్ వ్యూ సంగతి చెప్పాలి. అది లేక్ లేక కట్టిన వ్యూ. తరవాత ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు లేచింది కాబట్టి ఇప్పుడు వ్యూ కూడా లేక, బోర్డు ఒక్కటే మిగిలింది. మా బావకి నిజం లేకే ఉంది. కొల్లేరు ఒడ్డున పుట్టాడు, ఆకివీడుకి ఇవతల ఆరెకరాల చేపల చెరువు చేస్తున్నాడు. అలాంటివాడు లేక్ వ్యూ వెతుక్కుంటూ ఏలూరు రావడానికి కారణం ఒక స్కూలు వ్యాను.

పెద్దవాడు చరణ్‌తేజ ఐదో తరగతికి వస్తాడు, హర్షిణి రెండుకి. స్కూలు ఏలూరులో. ఊళ్లోకి వ్యాను తెల్లవారుజామున ఐదున్నరకే వచ్చేది. హర్షిణి ఎక్కడం, నిద్రపోవడం ఒకేసారి చేసేది. ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే నిద్రలో సీటు కిందికి జారిపోయింది. అన్న తన క్లాసుకి పరిగెత్తాడు. డ్రైవరు చూసుకోలేదు, వ్యాను షెడ్డులో పెట్టి తాళం వేసుకుపోయాడు. హాజరు వేసిన టీచరమ్మకి అనుమానం వచ్చి ఫోను చేసేదాకా గంటన్నరసేపు పిల్ల ఆ షెడ్డులోనే ఉంది. ఏడవలేదు, ఎందుకంటే లేవలేదు. కానీ మా చెల్లెలు కనకమహాలక్ష్మి ఆ రోజు నుంచి నిద్రపోలేదు. మళ్లీ పిల్లని ఆ వ్యాను ఎక్కించనంది. జూన్ పన్నెండున స్కూలు తెరిచేలోపు ఏలూరులో ఇల్లు కావాలంది.

బావ సరేనన్నాడు. ఆయన సరే అన్నాక ఇంకా చాలా ఉంటుంది.

రెండేళ్ల కిందట లారీలో వచ్చిన నలభై వేల చేపపిల్లల్ని ఆయన తొందరపడి తిన్నగా చెరువులోకి వదిలేశాడు. తెల్లారేసరికి అన్నీ తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలాయి. అప్పటినుంచి ఏదీ పరీక్ష పెట్టకుండా వదలడు. కొత్త నీళ్లయితే ముందు హాపా కడతాడు. హాపా అంటే నాలుగు కర్రలకి వేలాడదీసిన వల గది. అందులో ఓ యాభై పిల్లల్ని వేసి చూస్తాడు, అవి బతికి బట్టకడితేనే మిగతావాటిని దించుతాడు. ఈ అలవాటు మెల్లిగా గట్టు దిగి ఇంట్లోకి వచ్చేసింది. కొత్త చెప్పులు కొంటే మూడు రోజులు ఒక్క కాలికే తొడిగాడు. కొత్త మిక్సీలో వారం రోజులు మంచినీళ్లే రుబ్బించాడు.

ఇల్లు చూపించే పని నాది. ఏలూరులో ఉన్న మేనమామని నేనొక్కణ్ణే మరి. మొదటిరోజే బావ నాతో ఒక మాట అన్నాడు. “ఇంటిని మనం చూడటం కాదు బావగారూ. మన పిల్లల్ని ఇల్లెలా చూస్తుందో అది చూడాలండీ.”

ఆ చూడటం ఇలా సాగింది. లేక్ వ్యూలో మూడో అంతస్తు ఫ్లాటు ఖాళీగా ఉంది. అమ్మిపెట్టే బంగార్రాజు సెల్లార్లో దోమతెర కట్టుకుంటామంటే కట్టుకోండన్నాడు. ఫ్లాటు అమ్ముడుపోతుందంటే ఆయన ఏనుగుని కట్టుకోమనేవాడు. తెర లోపల పిల్లలు. పైనుంచి చెరువులో మేతసంచి వేలాడదీసినట్టు, చిల్లులు పొడిచిన గోనెసంచిలో అటుకులూ వేరుశనగపప్పూ. లాగితే రాలతాయి. మూడు గంటలు గడువు. వచ్చేపోయేవాళ్లలో ఎంతమంది దగ్గరికొచ్చి “ఎవరమ్మా మీరు, ఏమిటిది?” అని అడుగుతారో చరణ్‌తేజ నోటుబుక్కులో రాయాలి. మేమిద్దరం స్తంభం చాటున నిలబడ్డాం.

పంతొమ్మిది మంది వెళ్లారు. ఒకాయన బండి హ్యాండిల్ తాడుకి తగిలితే దోమతెరకి సారీ అండీ అని చెప్పి వెళ్లిపోయాడు. ఒకావిడ తన పిల్లాడు ఇటు చూస్తోంటే తల పట్టుకుని అటు తిప్పేసింది. అసోసియేషన్ ప్రెసిడెంటు భీమశంకరంగారు, రిటైర్డ్ హెడ్మాస్టరు, తిన్నగా తెర దాకా వచ్చారు. నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. శ్లాబు వైపు చూశారు. వెళ్లిపోయారు. మూడు గంటలయ్యాక నోటుబుక్కులో ఒక సున్నా ఉంది, దానికి మావాడు కళ్లూ మీసాలూ పెట్టాడు.

చెరువులో మోచేతి దాకా చెయ్యి ముంచినప్పుడు అరచెయ్యి కనబడకూడదట. కనబడిందంటే ఆ నీళ్లు ఉత్త తేటనీళ్లని, అందులో పిల్లలకి దొరికే మేతేమీ లేదని లెక్క. బావ ఆ సెల్లారు గాలిలోకి చెయ్యి చాపి చూసుకున్నాడు.

“కనబడుతోందండీ,” అన్నాడు దిగులుగా. “గీతలతో సహా.”

లేక్ వ్యూ అయిపోయింది. తరవాత సత్రంపాడు దాటాక ఒక గేటెడ్ కమ్యూనిటీ. గేటు ఎదురైంది, కమ్యూనిటీ ఎదురవలేదు. సెక్యూరిటీ అతను ఒకే ప్రశ్న పదకొండుసార్లు అడిగి పుస్తకంలో పదకొండుసార్లు రాసుకున్నాడు. వలసొచ్చేవాళ్లు వలతో రావడం రూల్సులో లేదన్నాడు. ఇది చెరువు కాదు అక్వేరియమని బావ వెనక్కి తిరిగాడు. స్కూలు మార్చినా సరేననుకుని తాడేపల్లిగూడెం దాకా వెళ్లాం. రైసుమిల్లు వెనక వీధి, ఇల్లు బావుంది, మనుషులు పలకరించారు. కానీ మూడు గంటల్లో దోమతెర నిండా ఊక చేరింది. దులిపితే పిల్లలు బయటపడ్డారు. మొత్తం మీద మే నెలలో మేం చూసినవి తొమ్మిది. ప్రతిచోటా బాల్కనీ చూపించారు గాని, బాలలు ఎక్కడా కనబడలేదు.

మే ఇరవై ఎనిమిదిన ఊళ్లోంచి కనకం ఫోను వచ్చింది. వెళ్లేసరికి మా చెల్లెలు దోమతెర మడిచి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఇవ్వనంటోంది. బావ ఎదురుగా నిలబడి, పదో ఇల్లు చూద్దామని, ఒక్క పదే కదా అని బతిమాలుతున్నాడు. కనకం గొంతు పెంచలేదు.

“నలభై వేలు పోయాక మీరు నేర్చుకున్నదేంటండీ? లారీలోంచి తెచ్చిన సంచిని ముందు చెరువు మీద అరగంట తేల్చాలి. ఆ నీళ్లు కాసిని, ఈ నీళ్లు కాసిని కలవాలి. అప్పుడు మూతి విప్పాలి. అవునా కాదా?”

అవునన్నాడు.

“మరి మన పిల్లలకి ఆ అరగంట ఇచ్చారా మీరు? ఊరుగాని ఊళ్లో కార్ల మధ్య పెట్టేసి, నీళ్లు బాలేవంటారు. నీళ్లకేం రోగం. సంచి తేల్చనిది మీరు.”

మా బావ మెల్లిగా గుమ్మంలో కూలబడ్డాడు. తను తప్పు చేశానని ఆయన ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. అయితే ఆ నీళ్లు ఈ సంచిలోకి ఎలా వస్తాయని అడిగాడు. లేక్ వ్యూ వాళ్లనే ఇక్కడికి రప్పించండి, ఒక్క పూట, అంది కనకం. పులుసు నేను పెడతానంది. పరీక్షలకి ఆఖరు ఇదేనని, దీని తరవాత తను పిల్లల్ని తీసుకుని లేక్ వ్యూలోకి వెళ్లిపోతుందని, ఆయన కావాలంటే గట్టు మీద దోమతెరలో ఉండొచ్చని కూడా చెప్పింది.

మర్నాడు లేక్ వ్యూ లిఫ్టులో నేనే కాగితం అంటించాను. ఆదివారం కొల్లేరు గట్టు మీద శీలావతి చేపల పులుసు, శాకాహారులకి మజ్జిగ పులుసు, అందరూ ఆహ్వానితులే. దోమతెర గురించి ఒక్క ముక్క అడగని జనం పులుసు గురించి నాకు ముప్ఫై నాలుగు ఫోన్లు చేశారు. ముళ్లు తీసి వండుతారా అని ఏడుగురు.

ఆదివారం చేపల లారీ కడిగి, ఐసుపెట్టెలు దించేసి, లేక్ వ్యూ వాళ్లని ఎక్కించాం. ఎదురెదురు ఫ్లాట్లవాళ్లు ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకోవడం ఆ లారీలోనే మొదలు. దగ్గరదగ్గర గంటన్నర ప్రయాణం, మాట మాత్రం లేదు. అంతా మర్యాదే.

గట్టు మీద కొబ్బరిచెట్ల మధ్య బావ దోమతెర కట్టేశాడు. అందరూ దిగాక చేతులు జోడించి, ఓ అరగంట లోపల కూర్చోండి, తరవాత వడ్డన, అన్నాడు. నవ్వుతారనుకున్నాను. కాదంటే ఏమనుకుంటారోనని ఒక్కొక్కళ్లే చెప్పులు విప్పి లోపలికి వెళ్లారు. భీమశంకరంగారు పంచె ఎత్తి పట్టుకుని మరీ వెళ్లారు. పదకొండు మంది ఫ్లాటు ఓనర్లు చెరువు గట్టున దోమతెరలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల పిల్లలు అప్పటికే మా చరణ్‌తేజ వెనక పడవ దగ్గర ఉన్నారు, వాళ్లనెవరూ వలలోకి పట్టలేకపోయారు.

అప్పుడు బావ తల్లి వరహాలమ్మగారు వచ్చింది. డెబ్బై రెండేళ్లు. ప్రపంచంలో అడగకూడని ప్రశ్నంటూ ఒకటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తెర పక్కన పీట వేసుకుని, ఒక చివర నుంచి మొదలెట్టింది. ఎవరబ్బాయివి, ఏం చేస్తావు, ఎంతిస్తారు, పిల్లలెందరు, ఒక్కడేనా, ఏం. మీ ఆవిడతో మాట్లాడతావా. మరి ఆవిడేది, ఎందుకు రాలేదు.

పదిహేను నిమిషాలకి వలలో కదలిక మొదలైంది. నోళ్లు తెరుచుకున్నాయి. మూడు వందల ఒకటో నంబరాయన తనది కామవరపుకోట అన్నాడు. మూడు వందల నాలుగావిడ తల తిప్పింది. తనదీ కామవరపుకోటే. ఆయన నాన్నగారూ ఆవిడ నాన్నగారూ ఒకే బడిలో చదువుకున్నారు. ఆరేళ్లుగా ఇద్దరూ లిఫ్టులో గుడ్ మార్నింగ్ చెప్పుకుంటున్నారు, అంతే.

భీమశంకరంగారి దగ్గరికి వచ్చేసరికి ఆయనే ముందు మొదలెట్టారు. “ఆ రోజు సెల్లార్లో పిల్లల్ని చూశాక నాకు అన్నం సయించలేదండీ. అడుగుదామనే వచ్చాను. అడిగితే ఏమనుకుంటారో అని.”

ఆ తరవాత ఫోను తీసి అపార్ట్‌మెంటు గ్రూపు చూపించారు. ఆ ఒక్క రోజే నూట నలభై మూడు మెసేజీలు. డెంగీ మీద అవగాహన కార్యక్రమమని ఒకరు. స్కూలు ఫీజుల మీద నిరాహారదీక్షని ఇంకొకరు. మరి దీక్షలో అటుకులు తింటారా అని మరొకరు. పిల్లలకి దాహం వేస్తుందేమో, ఎవరైనా నీళ్లివ్వండని పదహారు మంది. నేను ఇద్దామనుకున్నాను, మీరు ఇచ్చారనుకున్నాను అని మిగతావాళ్లు.

బావ ఆ ఫోను తీసుకుని అడుగు దాకా తోస్తూ చదివాడు. మోచెయ్యి దాకా ముంచితే అరచెయ్యి కనబడటం లేదన్నమాట. లోతులో ఎంత మేతుందో పైకి తెలియలేదు. గడియారం చూసుకుని, అరగంట అయింది లేవండి అన్నాడు. ఎవరూ లేవలేదు. వరహాలమ్మగారు ఇంకా ఇద్దర్ని అడగాలట.

జూన్ పదిన లేక్ వ్యూ మూడో అంతస్తులో సామాను దిగింది. మోసింది సగం మూడు వందల ఒకటి, సగం మూడు వందల నాలుగు.

పన్నెండో తారీఖు పొద్దున్నే మళ్లీ కనకం ఫోను. పిల్లలు బావున్నారా అన్నాను. పిల్లలు బావున్నారన్నయ్యా, నువ్వు రా అంది.

చెరువులో గాలి తగ్గేది తెల్లవారుజామునే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేదీ అప్పుడే. అందుకని పాతికేళ్లుగా మా బావ నాలుగున్నరకి లేచి గట్టు చుట్టూ తిరుగుతాడు. ఆ రోజూ లేచాడు. పిల్లల గదిలోకి వెళ్లి ఇద్దరి నోళ్లూ చూశాడు. మూసుకునే ఉన్నాయి, హాయిగా నిద్రపోతున్నారు. ఇక చుట్టూ తిరగడానికి గట్టు లేదు. బాల్కనీలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. ఐదుంబావుకి కమ్మీ పట్టుకుని వంగి, నోరు తెరుస్తూ మూస్తూ నిలబడిపోయాడు. కింద వాకింగుకి బయల్దేరిన భీమశంకరంగారు తలెత్తి చూశారు. నెల కిందట అయితే శ్లాబు వైపు చూసి వెళ్లిపోయేవారు. ఈసారి మాత్రం నిలబడి గట్టిగా అడిగారు.

“దుర్గారావుగారూ, గాలి ఆడట్లేదా అండీ?”

నేను వెళ్లేసరికి సెల్లార్లో రెండు తెల్ల కార్ల మధ్య దోమతెర కట్టి ఉంది. ఈసారి తాడు రెండో కొస భీమశంకరంగారి చేతిలో ఉంది. లోపల లుంగీతో మా బావ. పైన గోనెసంచిలో అటుకులు. కనకం మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుంది.

“ఇంటిని పరీక్ష చేశారు, పిల్లల్ని చేశారు, నన్ను రెండేళ్లుగా చేస్తున్నారు,” అంది. “తనని తేల్చుకోవడం మాత్రం మర్చిపోయారన్నయ్యా.”

ఎనిమిదింటికి స్కూలు బట్టల్లో పిల్లలు దిగారు. స్కూలు ఐదు నిమిషాల నడక. హర్షిణి తెర దగ్గర ఆగి, అన్న సంచిలోంచి నోటుబుక్కు లాగి, మీసాల సున్నా ఉన్న పేజీ తిప్పేసి కొత్త పేజీ తీసింది.

“ఎంతమంది అడిగారు నాన్నా?”

“ఇప్పటికి ఆరుగురమ్మా.”

రాసుకుంది. మూడు గంటలయ్యేదాకా లేవకూడదని చెప్పింది. అటుకులు ఒక గుప్పెడు రాల్చుకుని, రెండు కళ్లూ బాగా తెరుచుకుని, అన్న కంటే ముందు నడిచి వెళ్లింది.